వెనక్కి రాదనుకున్న బండి

బండి ఆగింది. ఆగితే ఆగిందిలే, ఇందులో వింతేముంది, నెల నుంచి ఈ గడ్డ మీద కదులుతున్నది ఏదని? బస్సులు డిపోల గేట్లు దాటడం లేదు, బడులకు తాళాలు పడ్డాయి, కచేరీల్లో కుర్చీలు దుమ్ము పట్టి కూర్చున్నాయి, భూపాలపల్లిలో బొగ్గుబావులు సైతం కిక్కురుమనడం లేదు. సకల జనులూ సమ్మెలో ఉంటే ఈ పుష్‌పుల్ రైలు ఒక్కటీ ఏ మొహం పెట్టుకుని తిరుగుతుంది, అనుకుంది దీప కిటికీ ఊచకు చెంప ఆనించి. ఊచ వెచ్చగా ఉంది, ఇనుము వాసన, దాని మీద ఎవరి వేలిదో సీతాఫలం జిగురు. పొద్దున మానుకోటలో ఎక్కినప్పటి నుంచీ ఆమెకు అన్నీ ముద్దుగానే ఉన్నాయి, ఈ జిగురుతో సహా. స్టేషను బోర్డు మీద మహబూబాబాద్ అని ఎంత పెద్దగా రాసినా తండాలో ఎవరూ ఆ పేరు పలకరు, మానుకోట అంటేనే నోరు నిండుతుంది. తెల్లారగట్ల అమ్మ రామి చేసిపెట్టిన జొన్నరొట్టె, వెల్లుల్లి కారం ఇంకా కడుపులో హాయిగా ఉన్నాయి. రేపు సికింద్రాబాద్ ఆఫీసులో పెద్దవాళ్ల ముందు నిలబడి ఒక్క మాట చెప్పాలి, రుజువైంది, అని. ఏడాది పని ఆ ఒక్క మాటలోకి వచ్చి కూర్చుంది. ఆ మాట చెప్పేస్తే రాళ్లవాగు స్టేషన్లో సిగ్నళ్లను నడిపే కొత్త కంప్యూటరు పనిలోకి దిగుతుంది, ఆ తర్వాత వరసగా మిగతా స్టేషన్లకూ ఇదే పద్ధతి అని పైవాళ్లు మాటిచ్చారు. చెప్పలేకపోతే ఈ లెక్కల యవ్వారం ఇంతటితో చాలించండి అన్నదీ వాళ్లే. చెప్పలేకపోవడం అనే ప్రసక్తే లేదు కాబట్టి ఆ రెండో మాటను దీప పెద్దగా పట్టించుకోలేదు.

బండి ఆగిన చోటు చూస్తే నవ్వొచ్చింది. రాళ్లవాగే! కాజీపేట దాటి జనగామ వైపు వచ్చే దారిలో ఉండే ఇంత చిన్న స్టేషన్, ఎక్స్‌ప్రెస్‌లు దీని మొహం కూడా చూడవు. ప్లాట్‌ఫాం వదిలి, స్టేషను కొసన పట్టాలు చీలే పాయింటు మీదుగా వచ్చి, ఆఖరి డబ్బా కూడా ఆ పాయింటును దాటీ దాటగానే బ్రేకులు పడ్డాయి. ఏడాదిగా ఆమె బతుకంతా ఈ స్టేషన్లోనే గడిచింది, కానీ ఒక్కనాడూ ఇక్కడ దిగింది లేదు. ఆమెకు తెలిసిన రాళ్లవాగు కంప్యూటరు తెర మీద నాలుగు గీతలు, వాటి మీద ఎర్ర చుక్కలు, పచ్చ చుక్కలు. ఇప్పుడు ఆ గీతల పక్కన గడ్డి ఉంది, గడ్డిలో గొర్రెలున్నాయి, సున్నం కొట్టిన రాళ్లున్నాయి, నీళ్ల ట్యాంకు కింద ఒకాయన తాపీగా చొక్కా ఉతుక్కుంటున్నాడు. పక్క పట్టాల మీద గూడ్సు బండి ఒకటి నిలబడి ఉంది, కంకర కోసం వచ్చిన ఖాళీ డబ్బాలు. కంకర ఎత్తే సైడింగు పట్టాలు అవతలి వైపు కదా, అటు పోవాలంటే అది మా వెనకున్న పాయింటు మీదుగా అడ్డంగా దాటాలి, అని ఎవరూ అడగకుండానే ఆమె మనసు లెక్క చెప్పింది. ఈ రోగం ఒకటి అంటుకుంది ఆమెకు. బియ్యం కడుగుతున్నా, పెళ్లికి పోయినా, ఎవరు ఎటు కదిలితే ఎవరికి అడ్డం తగులుతారో అని చూస్తూనే ఉంటుంది. దానికీ ఆమెకేం బాధ లేదు.

"ఏమాయె బిడ్డా, సిగ్నల్ పడలేదా?" ఎదురు సీటులోంచి భద్రమ్మ అడిగింది. రేగొండ నుంచి ఆటోలు మారి మారి కాజీపేటకు వచ్చి ఈ బండి ఎక్కిన మనిషి, కాళ్ల దగ్గర రెండు గంపల సీతాఫలాలు. ఎక్కిన వెంటనే పేరు చెప్పింది, ఊరు చెప్పింది, జనగామలో ఉన్న బిడ్డ ఇంటి గురించి చెప్పింది, ఇంకా చెప్పడానికి ఏమైనా మిగిలిందా అని ఆలోచిస్తూ కూర్చుంది.

"సిగ్నల్ పడ్డదవ్వా. ముంగట జనం పట్టాల మీద కూసున్నరు. పొయ్యిలు పెట్టిండ్రు, పొగ కనవడ్తున్నది సూడు."

"వంటా వార్పా! చేయనీ తియ్. మొన్న రేగొండల మేము గూడ నడిరోడ్డు మీద వండినం, గుండిగెడు పప్పుచారు, లారీ డ్రైవర్లకు గూడ మేమే పెట్టినం." భద్రమ్మ మొహం వెలిగింది, అంతలోనే గంప మీద గుడ్డ ఎత్తి చూసుకుని ముడుచుకుంది. "గని నా పండ్లు జూడు. పొద్దుగాలనే కండ్లు తెరిసినయి. మాపటికల్ల పలుగుతయి. తెలంగాణ అస్తది గని నా పండ్లు ఆగుతయా?"

ముందుకు వంగి చూస్తే పట్టాలు మెలిక తిరిగే చోట పొగ, పొగలో గులాబీ కండువాలు, ఎర్ర కండువాలు, ఏ రంగూ లేని మామూలు తువ్వాళ్లు, డప్పు. రైలు పట్టాల మధ్య కంకర మీద మూడు రాళ్లు పెట్టి అన్నం వండటం! ఈ ఉద్యమంలో దీపకు అన్నిటికన్నా ఇదే నచ్చింది. కోపం వస్తే వండుకుని తినే జనం, తిని పక్కవాడికి పెట్టే జనం, ఇంకెక్కడైనా ఉంటారా? ఆమె అన్న బలరాం, తను పనిచేసే బొగ్గుబావి సమ్మెతో మూతబడ్డ నాటి నుంచి తండాలోనే ఉంటున్నాడు. జీతం లేదు, అయినా మనిషి ఇంత నిమ్మళంగా ఉండటం ఆమె ఎన్నడూ చూడలేదు. పొద్దున దంతాలపల్లి దగ్గరి తండా నుంచి మోటారుసైకిలు మీద స్టేషనుకు దింపుతూ, సమ్మె లేనిది నీ కంప్యూటర్‌కేనా అని ఎకసెక్కమాడాడు. మా కంప్యూటర్ ఇంకా కొలువులోనే చేరలేదు, చేరినాక చేస్తదిలే సమ్మె, అంది ఆమె. ఇద్దరూ ఆ మాటకు అక్కర్లేనంతసేపు నవ్వారు.

"నువ్వేం కొలువు జేస్తవు బిడ్డా?" భద్రమ్మకు మాట దొరికింది.

ఈ ప్రశ్నకు దీప దగ్గర ఇన్నేళ్లుగా సరైన జవాబు లేదు. కంప్యూటర్ల పని అంటే సరిపోతుంది, ఊరంతా అదే చెప్పి తప్పించుకుంటుంది. కానీ ఇవ్వాళ మనసు కలివిడిగా ఉంది, పైగా బండి కదిలేది లేదు. "రైళ్లు ఒకదాన్ని ఒకటి గుద్దుకోకుంట సిగ్నళ్లు ఉంటయి గద అవ్వా, గా సిగ్నళ్లను ఇగ కంప్యూటర్ నడిపిస్తది. మరి గా కంప్యూటర్ తప్పు చేస్తే? పదిసార్లు నడిపి చూసినం, మంచిగనే ఉన్నది అంటే సాలదు. పదకొండోసారి ఏమైతదో? అందుకని, ఎన్నిసార్లు నడిపినా, ఎట్ల నడిపినా తప్పు కానే కాదని లెక్కతోటి రుజువు జేస్త. గదీ నా పని."

భద్రమ్మ కిటికీలోంచి నిలబడ్డ గూడ్సును చూసింది. "ఇప్పుడైతే ఏ బండీ నడుస్తలేదు గద. ఇగ గుద్దుకునుడే ఉండదు. నీ పని అయిపోయినట్టే."

దీపకు పొట్ట పట్టుకుని నవ్వాలనిపించింది. ఇది రుజువుల విద్యలో మొదటి ఏడాది చెప్పే హెచ్చరిక! ఏ రైలూ కదలని లోకంలో ఏ రైలూ గుద్దుకోదు, ఆ రుజువు నిజమే కానీ దేనికీ పనికిరాదు. తెర మీద నిజం అని పడితే ఎగిరి గంతేయకు, ముందు నీ లోకంలో రైళ్లు కదులుతున్నాయో లేదో చూసుకో అని ఈ పని నేర్పిన రవీందర్ సార్, ఆమె కొలువులో చేరిన వారంలోనే చెప్పాడు. చూసుకుంది. ఒకటికి రెండుసార్లు చూసుకుంది. ఆమె రాళ్లవాగులో రైళ్లు శుభ్రంగా వస్తాయి, శుభ్రంగా పోతాయి.

తెర మీద నిజం అని పడిన సాయంత్రం గుర్తొచ్చింది, గుర్తురావడం కాదు, వారం నుంచి అది ఆమెను వదిలిందే లేదు. రుజువు తేల్చే ఆ సాఫ్ట్‌వేర్ పనిముట్టు తీరే వేరు. స్టేషన్లో ఏ ఏ రైళ్లు ఎక్కడెక్కడ ఉండగలవో, ఏ పాయింటు ఎటు తిరిగి ఉండగలదో, ఉండగల అన్ని రకాలనూ అది ఒక్కటీ వదలకుండా తిరిగి వస్తుంది. రెండు రైళ్లు ఒకే పట్టాల ముక్క మీదికి వచ్చే దారి ఒక్కటి దొరికినా చాలు, అబద్ధం అంటుంది, అని ఊరుకోకుండా ఇదిగో ఇలా జరిగితే గుద్దుకుంటాయి అని కథ చెప్తుంది. ఏడాదంతా దాని కథలు వినడం, కంప్యూటరు బుద్ధిని సరిచేయడం, మళ్లీ వినడం. ఎవరికీ దొరకని దొంగ తప్పులు ఎన్ని దొరికాయో! సిగ్నలు పచ్చబడిన మరుక్షణంలో కరెంటు పోతే ఏం జరుగుతుందో దాని కథ విని సార్ కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. ఆఖరుకి చెప్పడానికి దానికి కథలు అయిపోయాయి. నిజం, అంది. దీప కిందికి పోయి ఒక్కతే ఇరానీ చాయ్ తాగి, ఎవరికి చెప్పాలో తెలియక, ఇంకో చాయ్ తాగింది.

ఆ విద్య భాష అంటే ఆమెకు ప్రాణం. ఆమెకు అప్పటికే మూడు భాషలుండేవి. తండాలో అమ్మను యాడి అని పిలిచే ఇంటి భాష, అది బయట ఎవరికీ అర్థం కాదు. అంగట్లో, బడిలో మానుకోట తెలుగు. అది హైదరాబాద్ కాలేజీలో నోరు విప్పగానే నవ్వులపాలైంది. ఎట్ల అంటే ఎట్ల ఏంటి, ఎలా అనాలి అని సరిదిద్దేవాళ్లు, సినిమాలో జోకరులా భలే మాట్లాడతావు అని మెచ్చుకునేవాళ్లు, ఆ మెచ్చుకోలే ఎక్కువ మండేది. తర్వాత నేర్చుకున్న ఇంగ్లిషు, అది ఎప్పుడూ అద్దె ఇల్లే. అప్పుడు ఈ తర్కం పరిచయమైంది. అన్ని రైళ్లకూ, అన్ని వేళలా, ఫలానాది జరగదు. ఈ భాషలో యాస లేదు. ఎవరు ఏ ఊరి నుంచి వచ్చి చెప్పినా నిజమైతే నిజం, కాకపోతే కాదు. గుగులోతు దీప చెప్పినంత మాత్రాన తక్కువ నిజం అయ్యేది కాదు. మొదటిసారి ఒక రుజువు తానుగా పూర్తి చేసిన రోజు హాస్టల్ మెట్ల మీద కూర్చుని ఏడ్చింది, సంతోషంతోనే.

డ్రైవరు ఇంజను దిగాడు. ఖాకీ చొక్కా, చేతిలో నల్ల సంచి, నీళ్ల సీసా. కిటికీల పక్కగా కంకర మీద తూలుతూ బండి వెనక వైపు నడిచి వస్తున్నాడు. ఆయన్ను చూడగానే దీప ఎనిమిదేళ్ల పిల్ల అయిపోయింది. మిరపకాయలు ఏరడానికి యాడీ వాళ్లంతా ఖమ్మం వైపు పోయేవాళ్లు, సంచులు, గిన్నెలు, కోళ్లతో సహా ఈ పుష్‌పుల్‌లోనే. ఆఖరి స్టేషన్లో అందరూ దిగి సామాన్లు చూసుకుంటుంటే ఆమె మాత్రం డ్రైవరు కోసం కాచుకుని నిలబడేది. ఆయన ఈ కొసన దిగి, సంచి పట్టుకుని ఆ కొసకు నడిచిపోయి ఎక్కేవాడు, బండి తిరగకుండానే తిరుగు ప్రయాణం అయ్యేది. ఇంజను ఒక్కటే, నడిపే గది మాత్రం రెండు కొసలా. మిగతా బళ్లకైతే ఇంజను విప్పాలి, తిప్పాలి, తగిలించాలి, నానా తంటాలు. మన బండికి రెండు మొహాలే యాడీ, అది ఎటు కావాలంటే అటు పోతది, అని చెప్తే రామి మిరప ఘాటుకు మండే కళ్లతోనే నవ్వి, మరి మనం ఎటు పోదామే అని అడిగింది. ఏం చెప్పిందో గుర్తులేదు. ఆ చెయ్యి గరుకు మాత్రం గుర్తుంది. డ్రైవరు కిటికీ కిందికి వచ్చాడు, సంచి కడ్డీకి తగిలి టంగుమంది, దాటిపోయాడు. దాటి, వెనక కొసకు పోతున్నాడు. వెనక కొసకు.

వెనక కొసకు ఎందుకు?

గార్డు ఎవరితోనో గట్టిగా అంటున్నాడు, ఇప్పట్లో లేసేటట్టు లేరు, పబ్లిక్ నీళ్లకు పరేషాన్ అయితున్నరు, ప్లాట్‌ఫాం మీదికి తీసుకుందాం అని. స్టేషను మాస్టరు కాబోలు, తెల్ల చొక్కా ఆయన, పాయింటు దగ్గర నిలబడి ఒక మనిషి చేత దానికి బిగింపు వేయించి, తాళం చెవి జేబులో పెట్టుకుని, పచ్చజెండా విప్పాడు. గూడ్సు వైపు ఎర్రజెండా పట్టుకుని ఇంకొకతను. అంతా నెమ్మదిగా, పద్ధతిగా జరిగింది. కూత పడింది. బండి ఒక్క కుదుపు కుదిపి, వెనక్కి కదిలింది.

గొర్రెలు ఎదురు దిక్కుకు జరగడం మొదలుపెట్టాయి. భద్రమ్మ గంప పట్టుకుంది. ఎవరో ఓరి వీని అని నవ్వారు. దీప ఊచ పట్టుకుని వెనక వైపు వంగి చూసింది. వెనక్కి పోతున్నది. బండి వెనక్కి పోతున్నది. ఆఖరి డబ్బా మళ్లీ ఆ పాయింటు మీదికి, ఇందాక దాటి వదిలేసిన ముక్క మీదికి. ఇక్కడ ఇవ్వాళ ఉన్నది పాత ఏర్పాటు, పాయింటుకు మనిషి కాపలా ఉన్నాడు, ఏమీ కాదు. కానీ నా కంప్యూటరు అయితే? నా కంప్యూటరు ఈ పాటికి ఆ పాయింటును విడిచిపెట్టేది. రైలు ఒక ముక్క దాటగానే ఆ ముక్కకు వేసిన కట్టు విప్పేయాలి, లేకపోతే వెనక బళ్లు గంటల తరబడి ఆగిపోతాయి, అదే కదా కొత్త పద్ధతి గొప్ప. విప్పేసి, కంకర సైడింగుకు పోవాల్సిన గూడ్సుకు పచ్చ చూపించేది. గూడ్సు అడ్డంగా బయలుదేరేది. ఇటు నుంచి పుష్‌పుల్, ఇందులో భద్రమ్మ, సీతాఫలాలు, చంకన పిల్లల్ని వేసుకున్న ఆడవాళ్లు. రుజువు మరి? రుజువు ఎలా వచ్చింది? అది అన్ని రకాలూ తిరిగి చూసింది కదా, ఒక్కటీ వదల్లేదు కదా?

వదిలించింది తనే. అవును. ఎండాకాలంలో, పని ఇంకా సగంలో ఉండగా, ఆ పనిముట్టు ఒక పిచ్చి కథ చెప్పడం మొదలుపెట్టింది. రైలు ముందుకు పోతుంది, ఉన్నట్టుండి వెనక్కి వస్తుంది, మళ్లీ ముందుకు, గుద్దుకుంటుంది. ఏది సరిచేసినా మళ్లీ అదే కథ. కల్లు తాగిన రైలు అని పేరు పెట్టి ఆఫీసంతా నవ్వుకున్నారు. సార్ కూడా నవ్వాడు. అనుమతి లేకుండా డ్రైవరు వెనక్కి నడపరాదు అని రూల్స్‌లో ఉండనే ఉంది, ఇంకేం, దాని నోరు మూయించడానికి దీప ఒక్క వాక్యం రాసి పడేసింది. వదిలిన ముక్క మీదికి రైలు తిరిగి రాదు. అంతే, తాగిన రైలు మాయం. ఆ వాక్యం మీదే మిగతా రుజువంతా మేడ కట్టుకుంది. రాసిందెవరు? పుష్‌పుల్‌లో పెరిగిన పిల్ల! మిగతావాళ్లు ఎన్నడూ ఈ బండి ఎక్కి ఎరగరు, వాళ్లంటే ఏమో అనుకోవచ్చు. రెండు మొహాల బండి అని మురిసిపోయిన తనకు, రైలు వెనక్కి రాదని రాయడానికి చెయ్యి ఎట్లా వచ్చిందమ్మా?

పైగా ఏ ఊళ్లో పుట్టి ఈ మాట రాసింది! ముందుకు పోయింది వెనక్కి రాదని ఈ జిల్లాల్లో పసిపిల్ల కూడా నమ్మదే. రెండేళ్ల కింద డిసెంబరు చలిలో ఢిల్లీ నుంచి తెలంగాణ ప్రకటన వస్తే తండాలో డప్పులు పగిలేదాకా కొట్టారు, బలరాం గులాల్ చల్లి చల్లి తనను తానే గుర్తుపట్టలేకుండా అయ్యాడు, రామి ఏనాడో దాచిన అద్దాల గాగ్రా తీసి కట్టుకుంది. వచ్చేసింది, ఇక అయిపోయింది, అన్నారు. నెల తిరగకముందే ఇంకో ప్రకటన. ఇచ్చినట్టే ఇచ్చి వెనక్కి. టీవీ ముందు నిలబడ్డ బలరాం చెవి వెనక ఇంకా రంగు ఉంది. అనుమతి లేకుండా వెనక్కి రాదట! అనుమతి ఇచ్చేది మనుషులే కదా, జెండా చేతిలో ఉన్నవాడు ఊపితే ఏ బండైనా వెనక్కి వస్తుంది. అప్పటి నుంచి కదా ఈ జనం దాటిన చోటును కూడా వదలకుండా కాపలా కాస్తున్నది, వండుకుని మరీ.

బండి ప్లాట్‌ఫాంను ఆనుకుని ఆగింది. జనం కుళాయి వైపు పరుగెత్తారు. దీప కదల్లేదు. ఎవరికీ తెలియదు కదా, అనే మాట వచ్చి మెల్లగా పక్కన కూర్చుంది. నిజంగానే, ఎవరికీ తెలియదు. రూల్స్ ఆమె వైపే ఉన్నాయి. ఇట్లాంటి రోజు పదేళ్లకోసారి వస్తుందేమో. రేపు రుజువైంది అంటే చప్పట్లు, ఆమె పేరు, ఇంకో ఇరవై స్టేషన్లు. రుజువు కాలేదు అంటే, చూశారా మేం ముందే చెప్పాం అనేవాళ్లు వరసగా కూర్చుని ఉంటారు, ఆ విభాగంలో ఉన్నదే తనూ సారూ. ఆ భాషను వదులుకోవాలి, యాస లేని ఆ ఒక్క భాషను. కుళాయి దగ్గర ఎవరో బాలింత, పిల్ల మొహం తడుపుతోంది, పిల్ల కెవ్వుమంటోంది. చలికాలం దాటాక, రేపు ఇదే పద్ధతి వచ్చే స్టేషన్ల మీదుగా, ఇదే బండిలో, సంచులూ కోళ్లతో యాడి ఖమ్మం పోతుంది. అన్ని రైళ్లకూ అని కదా రాసింది తను. అన్ని రైళ్లకూ, అన్ని వేళలా. వంటా వార్పు వేళ తప్ప అని రాయలేదే.

సంచిలోంచి లాప్‌టాప్ తీసి ఒళ్లో పెట్టుకుంది. ఆ వాక్యాన్ని వెతికింది, ఎంత చిన్నగా ఉందో! కొట్టేసింది. నడిపింది. పనిముట్టు కాసేపు తిరిగి, అబద్ధం, అంది. అని, తన కథ చెప్పింది. ఒక రైలు పాయింటు దాటును. కట్టు విడిపోవును. రెండో రైలు అడ్డంగా బయలుదేరును. మొదటి రైలు వెనక్కి వచ్చును. గుద్దుకొనును. కిటికీలోంచి చూస్తే అదే గూడ్సు, అదే పాయింటు, జేబులో తాళం చెవితో అదే తెల్ల చొక్కా ఆయన. నేను అప్పుడే చెప్పాను కదా అని అది దెప్పలేదు, అలగలేదు. ఎండాకాలంలో ఎంత ఓపిగ్గా చెప్పిందో ఇప్పుడూ అంతే ఓపిగ్గా చెప్పింది. దీపకు దాని మీద ప్రేమ పొంగుకొచ్చింది. భయం అలాగే ఉంది, కానీ దాచుకోవాలన్న ఆలోచన జారిపోయింది. ఈ విద్య తప్పు చేయలేదు, తప్పు చెప్పింది, తనే విననన్నది. ఇప్పుడు విన్నది. మించిపోయింది ఏముంది? ఈ ఘోరం ఇంకా జరగలేదు, రాళ్లవాగులో ఆ కంప్యూటరు ఇంకా అడుగే పెట్టలేదు. పెట్టకముందే దొరకడానికే కదా ఈ తిప్పలన్నీ.

ఫోన్ చేసింది. రవీందర్ సార్ ఎత్తగానే, "సార్, రుజువు కాలేదు," అంది.

"ఏంది? వారం కింద అయిన రుజువు ఇయ్యాల ఎట్ల పోయింది?"

"తాగిన రైలు నిజంగనే ఉన్నది సార్. నేను దాంట్లనే కూసున్న." చెప్పింది, పొగ, పొయ్యిలు, డ్రైవరు సంచి, గూడ్సు, అన్నీ. "రూల్స్‌ల అనుమతి లేకుంట అని ఉన్నది గద సార్, స్టేషన్ మాస్టర్ అనుమతి ఇచ్చిండు. ఇచ్చినోడు మనిషి. మన కంప్యూటర్‌కు గా ముచ్చటే తెల్వదు."

సారుది జనగామే, ఆయనకు పుష్‌పుల్ కొత్త కాదు. "నేను గూడ నవ్విన గదా దీపా, గా రైలును జూసి," అన్నాడు. "రేపు కాలేదని చెప్తే మనల్ని జూసి అందరు నవ్వుతరు."

"నవ్వనియ్యుండ్రి సార్. నా మాటకు నవ్విండ్రు, నా యాసకు నవ్విండ్రు. నాకేం కొత్తా?"

ఆయనకు నవ్వొచ్చింది, ఆపుకుంటున్నట్టు ఫోన్‌లో తెలుస్తూనే ఉంది. "సరే. రేపు నువ్వే చెప్పు. గిదే మాట, గిట్లనే చెప్పు. ఎంతమంది టెస్టు చేసినా దొరకనిది మన పద్ధతిల దొరికిందని నేను చెప్త. ఉంచుతరో తీసేస్తరో వాళ్ల ఇష్టం." ఆగి, "అన్నం తిన్నవా?" అని అడిగాడు.

అన్నం బండి దగ్గరికే వచ్చింది. పట్టాల వెంట ఆడవాళ్లు గంపల్లో, బకెట్లలో మోసుకొచ్చి, కిటికీ కిటికీకీ ఆగి, విస్తరాకుల్లో పులిహోర, పప్పుచారు అన్నం పెట్టి ఇస్తున్నారు, మా తోటి మీకు తిప్పలాయె, ఏమనుకోకుండ్రి, జై తెలంగాణ, తిను బిడ్డా, అంటూ. దీప లాప్‌టాప్ మీదే విస్తరి పెట్టుకుని చేత్తో తింది. పొగ వాసన కొట్టే అన్నం, చింతపండు కాస్త ఎక్కువైంది, ఇంత రుచి ఎక్కడిదో. భద్రమ్మ గంపల వైపు చూసింది, జనం వైపు చూసింది, నిట్టూర్చి, ఒక గంప గుడ్డ తీసేసింది. "పలిగి పారబోసుడు కంటె మన పోరలు తింటే మంచిది," అని కిటికీలోంచి పండ్లు అందించడం మొదలుపెట్టి, చివరికి రెండో గంప కూడా దగ్గరికి జరుపుకుంది. ఆమె మొహంలో కోపం మిగలలేదు. దీప పండు పగలగొట్టి నోట్లో పెట్టుకుని, ఎడమచేత్తో కొత్త కట్టు గురించి రాయసాగింది. రైలు పూర్తిగా స్టేషను పొలిమేర దాటిందాకా వెనక పాయింటును వదలొద్దు. ఆలస్యం అవుతుంది, కాస్త. అయితే కానీ. ఎన్ని నెలలు పడుతుందో, ఆ నెలలు తనకు ఇస్తారో ఇవ్వరో. కానీ పని మాత్రం కళ్ల ముందు స్పష్టంగా ఉంది, ఆకు మీద అన్నం ఉంది, పక్కన మాట్లాడే మనిషి ఉంది. ఇంతకన్నా మంచి రోజు ఈ మధ్య వచ్చిందేమో అని వెతికితే దీపకు గుర్తురాలేదు.

డప్పు ఆగింది. పొగ పలచబడింది. డ్రైవరు మళ్లీ దిగాడు, నల్ల సంచి పట్టుకుని ప్లాట్‌ఫాం మీద నిలబడి, అటు చూశాడు, ఇటు చూశాడు. కూత వినబడింది, కానీ ఏ కొస నుంచో తెలియలేదు.

"బిడ్డా, ఇప్పుడు ఎటు పోతది ఈ బండి?" ఖాళీ గంప ఒళ్లో పెట్టుకుని భద్రమ్మ అడిగింది.

"ఎటన్న పోవచ్చవ్వా."

"గింత సదువు సదివితివి, గంతే తెల్సునా నీకు?"

"గది గూడ ఇయ్యాల్నే తెలిసిందవ్వా," అంది దీప, వేళ్లకంటిన సీతాఫలం జిగురు కిటికీ ఊచకు తుడుస్తూ.